నదీముఖమున ఒక పల్లె: ఐలా ద్వీపయాత్ర

గృహిణులు చదువు పుటలలో సారాబట్టీని గూర్చి వ్రాయుటకు మొదట మాకు చేయి యాడలేదు. మద్యమను మాట వినినంతనే మొగము త్రిప్పుకొను ఇల్లు మాది. అట్టి మేము స్కాట్లండు దేశమునకు పడమట సముద్రములోనున్న ఐలా యను ద్వీపమునకు పోయి, అందు విస్కీ కాచు ఒక పల్లెలో పగలెల్ల గడపి వచ్చితిమి. ఏల పోయితిమో, ఏమి చూచితిమో ఉన్నదున్నట్లు చెప్పెదము. మెచ్చుటయు మానుటయు చదువరులయిన సోదరీమణుల యిష్టము.

మా చిన్నవాడు రసాయనశాస్త్రమున పట్టము పుచ్చుకొని, పైచదువునకై ఎడింబరో నగరమునకు పోయెను. ఆహారపదార్థములను గూర్చిన చదువని మాతో చెప్పెను. అది అబద్ధము కాదు కాని నిజమంతయు కాదు. అచ్చటి హెరియట్‌-వాట్ విశ్వవిద్యాలయమున ధాన్యము పులియబెట్టుట, బట్టీ పెట్టుట అనువానికే ప్రత్యేకముగా ఒక శాఖ కలదు. వాడు చేరినది అందులో. ఏడాది గడచిన పిమ్మట ఆ సంగతి తానే వ్రాసెను. ఒక బట్టీలో ఉద్యోగము దొరకుచున్నదనియు, అమ్మ సరే యననిదే చేరననియు, ఒక్కసారి వచ్చి కన్నులార చూచి చెప్పుమనియు ఆ జాబులో నుండెను.

ఆ జాబు చదివిన రాత్రి మాకు నిదుర లేదు. దానికి కారణము చెప్పకున్న ఈ యాత్రకు అర్థము లేదు. మా పెద్దన్నగారు నెల్లూరు జిల్లాలో కాపురముండెడివారు. మంచి కమతము, మంచి మనసు, తీయని కంఠము. సారాకు అలవాటుపడి ఒక్కొక్క మడిచెక్కనే పోగొట్టుకొనిరి. 1992లో ఆ జిల్లాలోని దూబగుంటలో స్త్రీలు సారాదుకాణముపై తిరుగబడినారన్న వార్త ఊరూర ప్రాకినపుడు, గడపదాటి యెరుగని మా వదినగారు గూడ తమ యూరి పాకముందు బైఠాయించిరి. 1993లో రాష్ట్రమంతట సారా నిషేధమైన నాడు ఇంటిముందు పెద్దముగ్గు పెట్టి పరమాన్నము వండిరి. కాని అన్నగారి చేయి సారా పొట్లమునుండి సీమసారా సీసాకు మారెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలెను. ఆ మరుసటి యేడు అన్నగారు పోయిరి. వదినగారు కుట్టుమిషను త్రొక్కి ఇద్దరాడపిల్లలకు చదువు చెప్పించిరి. ఈ చరిత్ర యెల్ల మా చిన్నవానికి తెలియును. తెలిసియు ఈ దారి యేల పట్టెనన్నదే మా బాధ.

మావారు, “పిల్లవాడు రమ్మనుచున్నాడు, చూడకుండ కాదనుట న్యాయము కాదు,” అనిరి. జూను మాసమున బయలుదేరితిమి.

గ్లాస్గో నగరమున మోటారుబస్సు ఎక్కితిమి. గంటలోపల లోమండ్ సరస్సు కానవచ్చినది. తరువాత దారి కొండపైకి ప్రాకినది. కొండనెత్తిన ఒక చోటికి ‘విశ్రమించి కృతజ్ఞుడవు కమ్ము’ అను అర్థమిచ్చు పేరున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఆ బాట వేసిన సైనికులు పనిముగించి, ఒక రాతిపై ఆ మాటలు చెక్కిరట. మన దారులలో చుమ్మలబరువు దింపుకొనుటకు నిలిపిన దింపుడురాళ్లు మాకు జ్ఞప్తికి వచ్చినవి. బరువు మోయువాని మనసు ఏ దేశమున నైనను ఒకటియే. ఇన్వరరీ మీదుగా, టార్బర్ట్ మీదుగా పోయి కెన్నక్రెయిగ్ అను రేవు చేరితిమి. అచ్చటినుండి ఓడలో రెండుగంటల ప్రయాణము.

ఓడ పొడవైన సముద్రపుపాయ దాటి బయటబడగానే గాలి మారినది. చీర చెంగు నిలువలేదు. మావారి మఫ్లరును మేమును, మా శాలువను మా చిన్నవాడును పట్టుకొని కూర్చుంటిమి. ఎదుట రెండు ద్వీపములు. ఎడమది ఐలా, కుడిది జూరా. రెంటినడుమ ఒక మైలుకు మించని ఇరుకుచోట సముద్రము నదివలె పరుగెత్తుచుండును. జూరా ద్వీపమున మూడు కొండలు గుండ్రని శిఖరములతో నిలిచియున్నవి; వానిలో పెద్దది 785 మీటర్ల యెత్తు. జార్జి ఆర్వెల్ అను రచయిత 1946 మొదలు ఆ జూరా ఉత్తరపు కొసనున్న ఒంటరి ఇంటిలో నుండి, 1949లో వెలువడిన తన ప్రసిద్ధ నవలను వ్రాసెను. అతడు పుట్టినది మన బీహారులోని మోతీహారిలో. ఎక్కడి మోతీహారి, ఎక్కడి జూరా! మనుష్యుని అన్నజలములు ఎక్కడ వ్రాసియుండునో ఎవరెరుగుదురు!

పోర్ట్ ఆస్కెయిగ్ అను చిన్నరేవులో దిగితిమి. ఐలా ద్వీపమున నివసించువారు మూడువేలకు అటునిటు. మన జిల్లాలలో ఒక మోస్తరు గ్రామమంత జనము. చెట్లు తక్కువ, గొర్రెలు ఎక్కువ. ఆ రేవునకు సమీపముననే ఫిన్‌లగన్ అను సరస్సు కలదు. అందలి చిన్నలంకపై ఒకప్పుడు ‘ద్వీపప్రభువులు’ కొలువుదీరి ఈ సముద్రప్రాంతమునంతయు ఏలిరి. 1493లో స్కాట్లండు రాజు వారి పదవిని తీసివేసెను. ఇప్పుడచ్చట గడ్డిలో రాతిగోడలు మాత్రము మిగిలియున్నవి.

ఈ ద్వీపము పేరు లోకమున వినబడుట అచ్చటి విస్కీచేత. గెయిలిక్ భాషలో విస్కీ యను మాటకు మూలార్థము ‘జీవజలము’ అని మా చిన్నవాడు చెప్పినపుడు మాకు నవ్వును రాలేదు, కోపమును రాలేదు. మా వదినగారి మొగము మాత్రము కన్నులయెదుట నిలిచెను. 1494వ సంవత్సరపు రాజుగారి లెక్కలలో, ఒక సన్న్యాసికి ఈ జీవజలము కాచుటకై మొలకధాన్యము ఇచ్చినట్లు వ్రాసియున్నదట. అయిదువందల యేండ్లకు పైబడిన విద్య యన్నమాట.

ఐలా విస్కీ అనగానే పొగవాసన యందురు. దానికి కారణము ఆ నేలయే. చెమ్మనేలలో వేలయేండ్లుగా నాచు, గడ్డి, చిన్నపొదలు చచ్చి పేరుకొని నల్లనిమన్నుగా మారును. దానిని పీట్ అందురు. ఇటుకలవలె కోసి యెండబెట్టిన అది కట్టెవలె మండును. చెట్లు లేని దేశమున పొయ్యిలోనికి అదియే గతి. మొలకెత్తించిన యవలను ఆ మంటపై ఎండబెట్టగా పొగ గింజలోనికెక్కి, పిదప విస్కీలోనికి దిగును. మన పల్లెటూళ్లలో పిడకల దాలిలో కాగిన పాలకు పొగకమ్మదన మెట్లు వచ్చునో అట్లే.

మేము చూడబోయిన పల్లె ఇందుకు భిన్నమైనది. దాని పేరు బూనాహావెన్, అనగా ‘నదీముఖము’. వ్రాయునపుడు పండ్రెండు అక్షరములు వాడి, పలుకునపుడు సగము మ్రింగుదురు. అచ్చట కాచు విస్కీలో అధికభాగమునకు పీట్ పొగ తగులనీయరు, ఎండుటకు వేడిగాలియే. తొలిరోజులలో వారును తక్కినవారివలెనే పొగబెట్టెడివారు. 1960 ప్రాంతమున, పెక్కు విస్కీలు కలిపి అమ్ము వర్తకులు మృదువైన సరకు కోరుటచే ఆ పద్ధతి మానిరి. ఇటీవలి దశాబ్దములలో పొగరకము కూడ కొంత చేయుచున్నారు. నీరు సైతము మార్గడేల్ అను ఊటనుండి గొట్టములద్వారా తెత్తురు. నేలపై పారిన వాగునీటికి పీట్ రంగును వాసనయు అంటును గనుక ఈ జాగ్రత్త.

ప్రధానమార్గము విడిచి ఒంటిబండి దారిని నాలుగుమైళ్లు పోవలెను. ఎదురుగా బండి వచ్చినచో ఒకరు ప్రక్కకు తొలగి నిలిచెదరు. తొలగినవారికి రెండవవారు చేయెత్తి నమస్కరించెదరు. కుడిప్రక్క క్రింద సముద్రము, దాని కావల జూరా కొండలు. దారి చివర ఏటవాలున దిగగా నల్లనిరాతి కట్టడములు, సముద్రములోనికి చొచ్చిన వారధి, వరుసగా చిన్నయిండ్లు. అంతే పల్లె.

1881లో ఈ బట్టీ కట్టుటకు ముందు ఇచ్చట మనుష్యసంచారము లేదు. కట్టినవారే బాట వేసిరి, వారధి కట్టిరి, పనివారికి ఇండ్లును పిల్లలకు బడియు నిర్మించిరి. 1887లో అచ్చయిన తన గ్రంథమున ఆల్ఫ్రెడ్ బార్నర్డ్ అను యాత్రికుడు, ఈ పరిశ్రమవలన బోడినేల ఒక సంసారపక్షమైన పల్లెగా మారినదని మెచ్చుకొని వ్రాసెను. ఆ దినములలో యవలును బొగ్గును ఓడలలో వచ్చెడివి. నిండిన పీపాలు ఓడలలో పోయెడివి. అందుచేతనే నేటికిని వీరి సీసాలపై చుక్కాని పట్టిన నావికుని బొమ్మ యుండును. సముద్రము పెట్టినది సముద్రమే కొట్టుటయు కలదు. 1974లో వైర్ మెజెస్టిక్ అను చేపలపడవ ఈ చెంతనే రాళ్లపైకెక్కి, తుప్పుపట్టి దశాబ్దములపాటు అట్లే పడియున్నది.

మాకు లోపల చూపినది అరువదియేండ్లు దాటిన ఒక స్థానికురాలు. నెరసినజుట్టు, ఎఱ్ఱనిబుగ్గలు, గట్టిచెప్పులు. మా చీరకట్టు చూచి ముచ్చటపడి, మెట్లవద్ద కుచ్చెళ్లు పట్టుకొని యెక్కుమని తానే హెచ్చరించెను. మా చిన్నవాడు మెల్లగా, “అమ్మా, నీకు వాసన పడకపోతే బయటే కూర్చో. నేనేమీ అనుకోను,” అనెను. “ఇంతదూరము వచ్చి గుమ్మములో కూర్చుందునా, పద,” అంటిమి.

పని యెట్లు జరుగునో చెప్పెదము. మొలకయవలను పిండిచేసి పెద్దకాగులో వేడినీళ్లతో కలుపుదురు. గింజలోని పిండి తీపియగును. ఆ తియ్యనినీటిని చల్లార్చి, చెక్కతొట్లలో ఈస్టు వేసి రెండుమూడు దినములు పులియనిత్తురు. అమెరికా దేశపు ఆరెగాన్ పైనుకొయ్యతో చేసిన ఆ తొట్లు ఆరు, ఒక్కొక్కటి మేడంతయెత్తు. మూత తీయగానే మా ముక్కునకు తగిలిన ఘాటు, వేసవిలో దోసెపిండి పొంగి పొర్లినపుడు వచ్చు వాసనకు పెద్దక్కవలె నుండెను.

ఆ పులిసిననీటిని రాగిబట్టీలలో రెండుమార్లు కాతురు. నాలుగుబట్టీలు, నున్నని రాగి బానలవలె లావుగా, మెడలు పొడవుగా నున్నవి. ఆవిరి మెడద్వారా పోయి చల్లబడి నీరగును. రెండవకాపులో మొదట వచ్చునది ఘాటైన విషపదార్థము. చివర వచ్చునది జిడ్డువాసన. ఆ రెంటిని విడిచి నడిమిభాగమునే పట్టుదురు. విడిచినదానిని మరల కాతురు. ఎప్పుడు పట్టవలెను, ఎప్పుడు విడువవలెను అనుటలోనే వారి నేర్పంతయు. నెయ్యి కాచునపుడు ఒక్క నిమేషము ముందు దించిన పచ్చివాసన, తరువాత దించిన మాడువాసన కదా! చిత్రమేమనగా, కాచువాడు దానిని ముట్టరాదు. పారుచున్న ద్రవము ఇత్తడి చట్రపు గాజుపెట్టెలో కనబడును, పెట్టెకు తాళము. సర్కారు సుంకము ఎగవేయకుండ పుట్టిన యేర్పాటిది. అద్దము వెలుపలి మరలు త్రిప్పుచు, చూపుతోడను కొలతలతోడను పని జరుపవలెను. పుట్టినపుడు ఆ ద్రవమునకు రంగు లేదు. ఊటనీరువలె తెల్లగా నున్నది.

రంగును రుచియు పీపాలో వచ్చును. సముద్రపుటొడ్డున తక్కువయెత్తు కప్పుతో చీకటి కొట్లున్నవి. లోపల అడుగుపెట్టగానే చల్లదనము, తడిమన్ను వాసన, దానితో ఏదో తెలిసిన పరిమళము. ఓకుకొయ్యతో చేసిన పీపాలు మూడువరుసలు పేర్చియున్నవి. వానిలో పెద్దవి, అయిదువందల లీటర్లు పట్టునవి, స్పెయిను దేశపు దక్షిణమున హెరెజ్ నగరప్రాంతమునుండి వచ్చినవి. అచ్చట షెర్రీ యను ద్రాక్షాసవము చేయుదురు. పూర్వము షెర్రీ పీపాలతోనే ఇంగ్లండునకు ఓడలలో వచ్చెడిది. ఇచ్చట సీసాలలో నింపుకొని, ఖాళీపీపాలను విస్కీవారికి చౌకగా అమ్మెడివారు. పారవేయవలసిన పాత్రలో పోసియుంచగా క్రొత్తరుచి పుట్టినది. పొదుపే గుణమైనది! 1980 దశాబ్దమున స్పెయినువారు షెర్రీని తమదేశముననే సీసాలలో నింపవలెనని కట్టడి చేయుటచే పాతపీపాలు రాక నిలిచినవి. నాటినుండి, విస్కీకొరకే పీపాలు చేయించి, వానిలో ఒకటి రెండేండ్లు షెర్రీ పోసి పదనుచేసి తెప్పించుచున్నారు.

క్రొత్తకుండకు గంజిపోసి నానబెట్టి పదనుచేయుట, చింతపండు మాగిన జాడీలో మరుసటియేడు వేసిన పచ్చడికి ప్రత్యేకపురుచి వచ్చుట మనమెరుగనిదా? ఈ దేశపు మగవారు గ్రంథములు వ్రాసి చెప్పుదానిని మన అత్తలు జాడీ వాసనచూచి చెప్పెడివారు.

చట్టప్రకారము మూడేండ్లయినను స్కాట్లండుగడ్డపై ఓకుపీపాలో మాగనిదే దానిని స్కాచ్ విస్కీ అనరాదు. సీసాపై పండ్రెండేండ్లని వ్రాసినచో, అందు కలిపినవానిలో మిక్కిలి చిన్నదాని వయస్సు పండ్రెండన్నమాట. కొయ్య శ్వాసించును. ఏటేట నూటికి రెండుపాళ్లు ఆవిరియై పోవును. దానిని దేవదూతల పాలు అందురు. పండ్రెండేండ్లకు అయిదవవంతు దేవదూతలకే చెల్లినట్లు లెక్కవేసికొంటిమి. మన గాదెలలో ఎలుకలపాలును ఇంతియే యుండునని మావారు నవ్విరి.

సముద్రమును గూర్చి మేమడిగితిమి. ఇచ్చటి విస్కీలో ఉప్పుగాలి రుచి కలదని అందరును చెప్పుదురు. కొయ్యద్వారా సముద్రపుగాలి లోనికి పోవునని కొందరి నమ్మకము. అయితే ఇచ్చట కాచినదానిలో కొంతభాగము మాగునది ప్రధానభూమిపై, కడలికి దూరమున. మా చిన్నవాడు, “రసాయనశాలలో ఉప్పు వెదకితే చెప్పుకోదగినంత దొరకదమ్మా. పీపా, కాపు, పులియబెట్టుట అన్నీ కలిసి అట్లా తోస్తుంది,” అనెను. మాకు చూపినామె తలయాడించి, “నేను పుట్టినప్పటినుండి ఈ గాలి పీల్చుచున్నాను, నాలో ఉప్పు లేదందువా?” అని వానిని వెక్కిరించెను. వాదము తేలలేదు.

అప్పుడు మేము మనసులోని ప్రశ్న అడిగితిమి. “ఇందరు పనివారు, ఇంత మద్యము. వారి యిండ్లు ఏమయినవి?” ఆమె కొంతసేపు పలుకలేదు. పీపాపై చేయివేసి నిలిచి చెప్పినది.

“మా తాత ఇందులోనే పని, మా నాన్న ఇందులోనే పని. వారి రోజులలో ఉదయము ఒక గిద్దె, మధ్యాహ్నము ఒక గిద్దె, సాయంత్రము ఒక గిద్దె యజమానులే పోసెడివారు. పీపాలోనిది కూడ కాదు. అప్పుడే దిగిన తెల్లనిఘాటు. ఇది జీతములో భాగమువలె నుండెడిది. నాన్న మంచివాడు. సాయంత్రము మెట్టదిగి వచ్చునపుడు అమ్మ కిటికీలో నిలిచి అతని నడక చూచెడిది. నడక నిలుకడగా నున్నచో పొయ్యిమీద కెటిలు పెట్టెడిది. లేనిచో మమ్ములను ముందుగా పడుకొనబెట్టెడిది. నాకు పదునాలుగేండ్లు వచ్చుదాక పిల్లలందరు అట్లే పడుకొందురనుకొంటిని.”

1970, 80 దశకములలో బట్టీలన్నిట ఆ గిద్దెల ఆచారము మానుపబడినదట. “మంచిపని చేసిరి,” అనెను. వెంటనే, “1982లో బట్టీ మూసిరి. రెండేండ్లు పొగగొట్టము చల్లగా నుండెను. అప్పుడు అమ్మ అదే కిటికీలో నిలిచి, ఏ నడకయు లేని బాట చూచి యేడ్చెను. ఆ యేడ్పును నేను చూచితిని,” అనెను. అంతకుముందు 1930 మొదలు 1937 వరకును ఈ బట్టీ మూతపడియుండెనట.

మేమేమియు అనలేకపోతిమి. ఒక కిటికీ నెల్లూరు జిల్లాలోను ఉండెడిదని ఆమెకు చెప్పితిమి. ఆమె మా చేయి పట్టుకొనెను.

బయటికి వచ్చి వారధిపై కూర్చున్నపుడు ఆమె మాకు మరియొక స్త్రీకథ చెప్పెను. ద్వీపపు దక్షిణతీరమున లాఫ్రోయెగ్ అను పేరుగల పొగవిస్కీ బట్టీ కలదు. 1934లో గ్లాస్గోలో పట్టభద్రురాలైన బెస్సీ విలియమ్సన్ అను యువతి, వేసవి మూడుమాసములకై టైపుపనికి అచ్చటికి వచ్చెను. వచ్చినది తిరిగిపోలేదు. యజమాని ఇయాన్ హంటర్ జబ్బుపడగా కార్యభారము క్రమముగా ఆమెపై బడెను. 1954లో అతడు కాలధర్మము నొందుచు బట్టీని ఆమెపేర వ్రాసెను. ఇరువదవ శతాబ్దమున స్కాచ్ బట్టీని స్వంతముగా నడిపిన మొదటిస్త్రీగా ఆమెను చెప్పుదురు. ద్వీపపు పనులన్నిట ఆమె చేయి యుండెడిదట. 1972లో విశ్రాంతి తీసికొని, 1982లో గతించెను. ఒక అల్మారా, ఒక టైపుమిషను, తెలివి, ఓపిక: ఇవి ఉన్న స్త్రీకి ఏ వ్యాపారము చేతకానిదని అనగలము?

మా చిన్నవాడు చిన్నగాజు గ్లాసులో పండ్రెండేండ్లదానిని రెండు చుక్కలు పోసి, నీరు కలిపి తెచ్చెను. “త్రాగవద్దు, వాసన మాత్రము చూడండి,” అనెను. ముదురు తేనెరంగు. అది పీపా యిచ్చినదే, కలిపినది కాదు. మావారు ముక్కువద్ద పెట్టుకొని తుమ్మిరి. మేము మొదటిసారి ఘాటునకు వెనుదీసితిమి. రెండవసారి ఎండుద్రాక్ష, బెల్లపుపాకము, వేయించిన బాదంపప్పు, ఆరిన నారింజతొక్క. మా యమ్మగారు అట్లతద్దికి పిండివంటలు దాచు భోషాణపు వాసనయని తోచెను. అన్నిటికిని చివర ఏదో చల్లని ఉప్పదనము. అది గ్లాసులోనిదో వారధి క్రింది అలలదో మేము చెప్పజాలము. పెదవి తాకనీయక తిరిగి యిచ్చితిమి. కాని ఇన్నాళ్లును ఏమనుకొంటిమో అది నిజము కాదని తెలిసినది. దుర్గంధమే మనుష్యుని చెరచుననుకొంటిమి. సుగంధమునకును ఆ శక్తి కలదు.

జూనుమాసమగుటచే రాత్రి పదిగంటలకును వెలుతురున్నది. ఒడ్డున రాళ్లపై తల్లి, తండ్రి, కొడుకు కూర్చుంటిమి. మాట వచ్చినది.

“పెద్దమామయ్య పోయినది దీనితో కాదమ్మా,” అనెను వాడు. “చెరకుమడ్డిసారాలో రంగు కలిపి విస్కీ యని అమ్మేవారు. ఆ పేరుతో ఈ దేశములో అమ్మనీయరు.”

“ఖరీదైనదయితే కాలేయము గుర్తుపట్టునా?” అని అడిగితిమి. వాడు తల వంచుకొని, “లేదు,” అనెను. “అది నేను చదువుకున్నాను. ఏ పీపాలోదైనా లోపలి ఆల్కహాలు ఒకటే.” ఆ సమాధానము మాకు నచ్చినది. వృత్తిని ప్రేమించియు దానినిగూర్చి అబద్ధము చెప్పని బిడ్డయని ధైర్యము కలిగినది.

వాడే మరికొంత చెప్పెను. 2022లో స్కాచ్ విస్కీ సీసాలు అన్నిటికంటె ఎక్కువగా కొన్నది మన దేశమట. ఫ్రాన్సును దాటి ఇరువదియొకటి కోట్ల తొంబదిలక్షల సీసాలు. 2025 జూలైలో రెండు దేశములును చేవ్రాలు చేసిన ఒప్పందమున, నూటికి 150గా నుండిన దిగుమతి సుంకమును 75కు, పిదప పదియేండ్లలో 40కి దించుటకు అంగీకరించిరి. మేము చూచిన ఆ చీకటికొట్లలోని పీపాలు మన వీథులకు వచ్చునన్నమాట. ఇది మగవారు మాటలాడుకొను వ్యాపారవార్త యని పుట త్రిప్పివేయవద్దు. మన కిటికీలకు సంబంధించిన వార్త యిది.

తుదకు వానితో ఇట్లంటిమి. “నీ చేతిపని చూచితిమి. అందు శ్రద్ధ కలదు, ఓర్పు కలదు, శుచి కలదు. దానిని నీచమని అనము. కాని సరే యనుటకు మాకంటె అధికారము గలవారు ఒకరున్నారు. మీ అత్తయ్యకు నీవే చెప్పి, ఆమె యేమన్నదో మాకు చెప్పుము. దాచి చెప్పరాదు.”

ఎడింబరో చేరిన మరునాడు వాడు మా యెదుటనే టెలిఫోను చేసెను. అంతయు చెప్పెను. ఆవల చాలసేపు నిశ్శబ్దము. తరువాత మా వదినగారి గొంతు: “నాయనా, మీ మామయ్య చేయి పట్టి ఎవడును పోయలేదు. ఆయనే పోసికొనెను. ఆ దోషము నీకు అంటదు. కాని నేను చెప్పునది విను. పండుగకు వచ్చునపుడు చేతిలో ఆ సీసా తేవద్దు. నీ పెండ్లామును కిటికీలో నిలబెట్టవద్దు. ఈ రెండును సరియైన, నీ ఉద్యోగము నీవు చేసికో.”

వాడు ఉద్యోగమున చేరినాడు. మేము ఐలానుండి సీసా తేలేదు. జూరా కొండల యెదుట ఏరుకొన్న ఒక నునుపురాయి తెచ్చి వదినగారికి ఇచ్చితిమి. వారు దానిని కుట్టుమిషనుపై పెట్టి, గుడ్డ జారకుండ అదిమియుంచుటకు వాడుకొనుచున్నారు.